చేపల తొట్టిలో పచ్చని ఈకలు

చేపల తొట్టి ఇంటికొచ్చిన మొదటి వారం పండగలా ఉంటుంది కదండీ! పిల్లలు బడి నుంచి రాగానే సంచీ ఓ మూల పడేసి దాని ముందు చేరతారు. వచ్చిన చుట్టాలు కాఫీ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడతారు. రెండో వారంలో నీళ్ళు కాస్త మబ్బుగా మారతాయి. మూడో వారంలో ఓ తెల్లవారుజామున చేప ఒకటి వెల్లకిలా తేలి ఉంటుంది. పిల్లలు ఏడుస్తుంటే, "పోనీలేమ్మా, ఇంటికి రావాల్సిన కీడు అది తీసుకుపోయింది" అని పెద్దవాళ్ళు సర్దిచెబుతారు. మళ్ళీ రెండు చేపలు కొంటాం. మళ్ళీ అదే కథ.

కీడూ కాదు, దిష్టీ కాదు. ఆ చేప తన విసర్జనతో, మనం ఎక్కువగా వేసిన మేతతో పాడైన నీళ్ళల్లో ఊపిరాడక పోయింది. దీనికి మన చేతిలో ఉన్న మంచి ఉపాయం పచ్చటి మొక్క. అందులోనూ ఈకల్లా, కుచ్చుల్లా పెరిగే తీగ మొక్కలు. షాపువాళ్ళు ఇచ్చే ప్లాస్టిక్ చెట్లు కంటికి ఆనుతాయేమో గానీ నీటికి చేసేదేమీ ఉండదు. అందుకే ఈ వారం గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు ఎండలకూ, మన బోరు నీళ్ళకూ తట్టుకుని బతికే నీటి మొక్కల గురించి చెప్పుకుందాం.

మొక్క చేసే పని

చేపల విసర్జన నుంచీ, మిగిలిపోయి కుళ్ళిన మేత నుంచీ నీళ్ళల్లో అమ్మోనియా పుడుతుంది. ఇది చేపకు విషం. తొట్టి పాతబడ్డాక ఇసుకలో, ఫిల్టరు స్పాంజిలో మేలు చేసే సూక్ష్మజీవులు చేరి ఆ అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, తరవాత నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడా చేపకు కీడే. నైట్రేట్ అంత ప్రమాదం కాదు. కానీ ఈ జీవులు కుదురుకోవడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. కొత్త తొట్టిలో చేపలు ఎక్కువగా చచ్చిపోయేది సరిగ్గా ఈ రోజుల్లోనే!

ఈకల మొక్కలు ఇక్కడే అక్కరకొస్తాయి. వాటి ఆకులు సన్నగా చీలి ఉంటాయి కాబట్టి నీటిని తాకే భాగం ఎక్కువ. వేళ్ళ కోసం చూడకుండా ఆకులతోనే అమ్మోనియాను పీల్చుకుంటాయి. పైగా తొందరగా పెరుగుతాయి. ఎంత తొందరగా పెరిగితే అంత మురికిని తిన్నట్టే లెక్క. పగటిపూట వెలుగులో ఆక్సిజన్ కూడా వదులుతాయి. హైస్కూల్లో చేసిన ప్రయోగం గుర్తుందా? బీకరులో హైడ్రిల్లా కొమ్మలు పెట్టి, పైన గరాటు బోర్లించి, దాని మీద పరీక్షనాళిక నిలబెట్టి ఎండలో పెడితే బుడగలు పైకి వచ్చేవి. ఆ హైడ్రిల్లా, ఇప్పుడు మనం చెప్పుకునే మొక్కలు అన్నీ ఒకే పని చేస్తాయి.

ఇదేమీ కొత్త సంగతి కాదు. 1850లో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త తన ప్రయోగం గురించి రాశాడు. ఓ తొట్టిలో రెండు గోల్డ్ ఫిష్‌లూ, వాలిస్‌నేరియా అనే నీటి మొక్కా పెట్టాడు. మొక్క పాత ఆకులు కుళ్ళి నీళ్ళు చెడుతుంటే, ఆ కుళ్ళు తినడానికి నత్తల్ని వదిలాడు. అప్పుడు నీళ్ళు తేటపడ్డాయి, చేపలు బతికాయి. చేప వదిలింది మొక్క తీసుకుంటుంది, మొక్క వదిలింది చేప పీలుస్తుంది, రాలిన ఆకును నత్త తింటుంది. నాలుగేళ్ళ తరవాత, 1854లో ఫిలిప్ గాస్ అనే ఆయన 'అక్వేరియం' పేరుతో పుస్తకం వేశాక ఆ మాట జనం నోళ్ళలో పడింది. మోటార్లు, కరెంటు లేని రోజుల్లో అలా నడిచింది మరి.

ఏది ఏ మొక్క?

షాపులో అన్నీ ఒకేలా కనిపిస్తాయి. మన పల్లెల్లో అయితే అన్నిటినీ కలిపి 'నాచు' అనేస్తాం. కణుపు దగ్గర చూస్తే తేడా తెలిసిపోతుంది.

హార్న్‌వర్ట్: కణుపు చుట్టూ గుండ్రంగా ఆకులు, ఒక్కో ఆకు కొస చీలి రెండు పాయలుగా ఉంటుంది. చేత్తో తడిమితే కాస్త గరుకు. దీనికి అసలు వేళ్ళే ఉండవు. నీళ్ళ మీద తేలేసినా బతుకుతుంది. మన చెరువుల్లోనూ సహజంగా పెరిగే మొక్క ఇది. కొత్తగా పెంచేవాళ్ళకు ఇంతకన్నా సులువైనది లేదు.

హైడ్రిల్లా: ఇది నిజానికి ఈక కాదు. చిన్న చిన్న పట్టీల్లాంటి ఆకులు మూడు మొదలు ఎనిమిది దాకా చుట్టూ ఉంటాయి. దూరం నుంచి సీసాలు కడిగే బ్రష్షులా కనిపిస్తుంది. మొండి మొక్క. ఎండకూ, గట్టి నీళ్ళకూ లొంగదు.

అంబులియా: శాస్త్రంలో లిమ్నోఫిలా అంటారు. ఇందులో కొన్ని రకాలు మన దేశపు మడుగుల్లో, వరి మళ్ళల్లో పెరిగేవే. నీళ్ళల్లో ఉన్న ఆకులు సన్నని దారాల కుచ్చులా చుట్టూ ఉంటాయి. నీటి పైకి వచ్చాక ఆకు రూపం మారిపోయి మామూలు ఆకులా అంచున పళ్ళతో కనిపిస్తుంది. చాలా రకాల్లో ఆకు నలిపితే సువాసన వస్తుంది. అందంలో దీనిదే మొదటి స్థానం.

కబోంబా: చూడ్డానికి అంబులియాకు అక్కచెల్లెల్లా ఉంటుంది. కానీ కణుపుకు రెండే ఆకులు, ఎదురెదురుగా, ఒక్కోటి చిన్న కాడ మీద విసనకర్రలా విచ్చుకుని ఉంటుంది. ఇది అమెరికా ఖండాల నుంచి వచ్చిన మొక్క. మెత్తటి, చల్లటి నీళ్ళు కావాలి.

మిరియోఫిలమ్: అచ్చంగా పక్షి ఈకే. నడుమ ఒక ఈనె, దానికి రెండు పక్కలా సన్నటి దారాలు. వెలుగు ఎక్కువ కావాలి.

ఇంకో రెండింటితో జాగ్రత్త! చెరువు నుంచి తెచ్చిన ఈకల మొక్కకు ఆవగింజల్లాంటి బుడిపెలు వేలాడుతుంటే అది యుట్రిక్యులేరియా. ఆ బుడిపెలు బోనులన్నమాట. నీటి పురుగుల్నే కాదు, అప్పుడే పుట్టిన అతి చిన్న చేపపిల్లల్నీ పట్టగలవు. రెండోది, పట్టుకుంటే గరగరలాడుతూ ఘాటు వాసన వేసేది కారా అనే నాచు. తొట్టికి రెండూ వద్దు.

మన నీళ్ళకు ఏది నప్పుతుంది?

మొక్క కొనేముందు మీ ఇంటి నీళ్ళ సంగతి తేల్చుకోండి. దీనికి ల్యాబుకు పోనక్కర్లేదు, వంటిల్లు చాలు. గిన్నెల మీద తెల్లటి పొర కడుతోందా? సబ్బు నురగ రావడం లేదా? కందిపప్పు ఎంతసేపటికీ మెత్తబడటం లేదా? అయితే మీవి గట్టి నీళ్ళు, సున్నం ఎక్కువ. మన పాలమూరు వైపు చాలా బోరు నీళ్ళు ఇలాంటివే. ఇలాంటి నీళ్ళకు హార్న్‌వర్ట్, హైడ్రిల్లా బాగా నప్పుతాయి. అంబులియా కొంత సర్దుకుంటుంది. కబోంబా మాత్రం రాలి రాలి చివరికి పుల్ల మిగులుతుంది. డబ్బు దండగ.

2016లో మొదలైన మిషన్ భగీరథ నల్లా నీళ్ళు వస్తుంటే అవి శుద్ధి చేసినవి కాబట్టి క్లోరిన్ కలిసి ఉంటుంది. బకెట్లో పట్టి మూత పెట్టకుండా ఒక రోజంతా ఉంచితే క్లోరిన్ పోతుంది. అప్పుడు తొట్టిలో పోయండి. చేపకూ, మేలు చేసే సూక్ష్మజీవులకూ క్లోరిన్ పడదు.

ఆర్.ఓ. ఫిల్టరు నీళ్ళు మంచివి కదా అని తొట్టినిండా అవే పోయకండి. వాటిలో మొక్కకూ చేపకూ కావలసిన ఖనిజాలు దాదాపు ఉండవు. బోరు నీళ్ళు మరీ గట్టిగా ఉంటే సగం బోరు, సగం ఆర్.ఓ. కలిపితే సరిపోతుంది.

రాళ్ళ విషయమూ చూసుకోవాలి. ఇంటి నేలకు వేయగా మిగిలిన తాండూరు బండ ముక్కలు, కడప బండ ముక్కలు అందంగా ఉన్నాయని తొట్టిలో పెడతారు. అవి సున్నపురాయి జాతి, నీటిని ఇంకా గట్టిపరుస్తాయి. ఏ రాయి మీదైనా నాలుగు చుక్కలు నిమ్మరసం పిండి చూడండి. బుసబుస పొంగితే సున్నం ఉన్నట్టు, పక్కన పెట్టేయండి. మన గుట్టల నల్లరాయి, ఎర్రరాయి నిక్షేపంగా వాడుకోవచ్చు.

నాటే పద్ధతి

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టి అనుకుందాం. నిండా పోస్తే 56 లీటర్లు పడతాయి. ఇసుక, గాజు బరువు కలుపుకుంటే 70 కిలోలు దాటుతుంది. అందుకని టీవీ స్టాండు మీదో, తేలికపాటి బల్ల మీదో పెట్టకండి. అరుగులాంటి గట్టి చోటు చూడండి.

ఇసుకను బియ్యం కడిగినట్టు నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగాలి. వెనక వైపు మూడంగుళాలు, ముందు వైపు ఒకటిన్నర అంగుళాలు వాలుగా పరవండి. సగం నీళ్ళు పోశాక మొక్కలు నాటితే ఒరగవు.

షాపులో మొక్కల్ని సీసపు పట్టీతోనో, రబ్బరు బ్యాండుతోనో కట్టకట్టి ఇస్తారు. ఆ కట్ట అలాగే గుచ్చితే లోపలి కాడలు వెలుతురు అందక కుళ్ళుతాయి. కట్ట విప్పి, ఒక్కో కాడను ఆరంగుళాల పొడవుకు కోసి, అడుగున రెండంగుళాల మేర ఆకులు తీసేయండి. కాడకూ కాడకూ అంగుళం ఎడం ఇచ్చి విడివిడిగా గుచ్చండి. వేళ్ళతో కుదరకపోతే పొడవాటి పట్టకారు వాడండి. ఎనిమిది, పది కాడలు గుంపుగా ఉంటేనే చూపుకు నిండుగా ఉంటుంది.

హార్న్‌వర్ట్‌కు వేళ్ళుండవు కాబట్టి గుచ్చి లాభం లేదు. పైన తేలేయండి, లేదంటే దారంతో చిన్న రాయికి కట్టి జారవిడవండి. కొత్త నీళ్ళల్లో వేసిన మొదటి వారం పది రోజులు ఇది సూదుల్లాంటి ఆకుల్ని రాలుస్తుంది. చచ్చిపోయిందని పారేయకండి. కొసన లేత పచ్చ కనిపిస్తోందంటే బతికినట్టే. రాలిన చెత్తను మాత్రం ఎప్పటికప్పుడు తీసేయాలి.

గద్వాల చీరలో ఒంటికి నూలు, అంచుకు పట్టు ఎలాగో, తొట్టిలోనూ అలాగే. ఎత్తుగా పెరిగే ఈకల మొక్కలు వెనకా, పక్కలా అంచులా ఉండాలి. నడుమ చేపలు తిరిగే ఖాళీ ఉండాలి. అంతటా నింపితే అడవే గానీ అందం రాదు.

కత్తిరింపు

మల్లెకు, మరువానికి చిగురు తుంచితే పక్క కొమ్మలు వస్తాయని మనకు తెలుసు. నీటి మొక్కకూ అదే న్యాయం. కొస నీటి పైకి చేరగానే పైభాగం ఆరంగుళాలు కోసి, ఆకులు తీసి, పక్కనే గుచ్చండి. కింద మిగిలిన మోడు రెండు చిగుళ్ళు వేస్తుంది. కొన్ని నెలలకు కింది మోడులు ముదిరి ఆకు రాలి బోసిపోతాయి. వాటిని పీకేసి పై కొసల్నే నాటుకుంటూ పోవాలి. ఇలా ఒక్క కట్ట కొంటే ఏడాదికి సరిపోవడమే కాదు, పక్కింటి వదినకూ ఇవ్వవచ్చు.

వెలుగు, ఎరువు

తొట్టిని కిటికీ పక్కన నేరుగా ఎండ పడేచోట పెట్టకండి. ఎండకు నీళ్ళు వేడెక్కుతాయి, గాజుకు పచ్చటి పాకుడు పడుతుంది. రెండడుగుల తొట్టికి 10 నుంచి 15 వాట్ల తెల్లటి ఎల్.ఇ.డి. దీపం రోజుకు ఎనిమిది గంటలు వేస్తే చాలు. వేళకు వేసి వేళకు తీసేయండి. ఈకల మీద బూడిదరంగు మెత్తటి పొర కడుతుంటే వెలుగో, మేతో ఎక్కువైందన్నమాట. వెలుగు ఆరుగంటలకు తగ్గించి, మేత సగం చేయండి. కాడలు కణుపుకూ కణుపుకూ మధ్య సాగిపోయి పీలగా ఉంటే వెలుగు చాలడం లేదని గుర్తు.

చేపలున్న తొట్టికి వేరే ఎరువు మొదట్లో అక్కర్లేదు. లేత ఆకులు పాలిపోతుంటే ఇనుము చాలడం లేదు. అక్వేరియం మొక్కల కోసం అమ్మే ద్రవం సీసా మీద రాసినంత, లేదా అంతకన్నా తక్కువే వేయండి. పొలంలో వాడే యూరియా, డి.ఎ.పి. చిటికెడైనా వేయకూడదు సుమా! యూరియా నీళ్ళల్లో అమ్మోనియాగా మారుతుంది. తెల్లారేసరికి తొట్టి ఖాళీ.

ఎండాకాలం, కరెంటు కోత

మన వైపు మే నెలలో ఎండ 42 డిగ్రీలు దాటడం మామూలే. నీళ్ళు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గిపోతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు పట్టే నీరు 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే పట్టగలదు. చేపకేమో వేడిలో ఊపిరి ఎక్కువ కావాలి. అదీ చిక్కు.

ఇక్కడ ఒక అపోహ ఉంది. మొక్కలున్నాయి కాబట్టి గాలి మోటారు అక్కర్లేదని కొందరనుకుంటారు. పగలు మొక్క ఆక్సిజన్ ఇస్తుంది, నిజమే. దీపం తీసేశాక రాత్రంతా మొక్క కూడా మనలాగే ఆక్సిజన్ పీల్చుకుంటుంది. అందుకే మొక్కలు దట్టంగా ఉన్న తొట్టిలో తెల్లవారుజామున ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువ. పొద్దున్నే చేపలన్నీ పైకి చేరి నోళ్ళు తెరుస్తున్నాయంటే ఇదే కారణం కావచ్చు. గాలి మోటారు రాత్రిపూట తప్పకుండా నడవాలి. కరెంటు పోతే ఒక చెంబుతో తొట్టి నీళ్ళనే ముంచి, జానెడు ఎత్తు నుంచి మెల్లగా పోస్తూ ఉండండి. పది పదిహేను సార్లు చేస్తే చేపలు తేరుకుంటాయి. తరవాత పావు వంతు నీళ్ళు మార్చండి.

వేడి తగ్గించడానికి తొట్టి మూత తీసి, సన్నటి వల కప్పి, నీటి మీద గాలి తగిలేలా టేబుల్ ఫ్యాను పెట్టండి. మట్టికుండలో నీళ్ళు చల్లబడే సూత్రమే ఇది, ఆవిరితోపాటు వేడీ పోతుంది. తగ్గిన నీటిని రోజూ నింపుతుండాలి. ఐసు ముక్కలు గుమ్మరించకండి, ఒక్కసారిగా చల్లబడితే చేపకు దెబ్బ. మొక్కల్లో కబోంబా 28 డిగ్రీలు దాటితే వడలిపోతుంది. హార్న్‌వర్ట్, హైడ్రిల్లా ఎండాకాలాన్ని ఓర్చుకుంటాయి. మొదటిసారి పెట్టేవాళ్ళు చలికాలంలో మొదలుపెడితే వేసవి నాటికి తొట్టి కుదురుకుని ఉంటుంది.

ఏ చేపలు?

గట్టి నీళ్ళకు గప్పీ, ప్లాటీ, మోలీ చేపలు సరిగ్గా సరిపోతాయి. ఇవి గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. పుట్టిన పిల్లల్ని పెద్దచేపలు మింగేస్తాయి. ఈకల మొక్కలు దట్టంగా ఉంటే ఆ పిల్లలు కుచ్చుల్లో దూరి ప్రాణం దక్కించుకుంటాయి. మీ పిల్లలు ఓ ఉదయం కుచ్చుల్లో కంటిచుక్కల్లాంటి చేపపిల్లల్ని చూసి కేకలు పెట్టే ఆనందం ప్లాస్టిక్ చెట్టు ఇవ్వగలదా? గోల్డ్ ఫిష్ మాత్రం మెత్తటి ఆకులు కొరికి తినేస్తుంది. అది ఉంటే గరుకైన హార్న్‌వర్టే గతి. పైన చెప్పిన తొట్టికి మొదట రెండు మూడు చేపలతో మొదలుపెట్టి, నెల తరవాత పది పన్నెండు గప్పీల దాకా పెంచవచ్చు. మేత రోజుకొకసారి, రెండు నిమిషాల్లో తినేసేంత. అంతే.

వాకిట్లో తామర గోళెమో, నీళ్ళ తొట్టో ఉన్నవాళ్ళు అందులోనూ ఓ గుప్పెడు హార్న్‌వర్ట్, నాలుగైదు గప్పీలు వేయండి. నిలవ నీటిలో దోమ పిల్లల్ని గప్పీలు తినేస్తాయి. డెంగీ తెచ్చే దోమ మంచి నీళ్ళల్లోనే గుడ్లు పెడుతుందని మరిచిపోవద్దు.

నీళ్ళు మార్చడం

వారానికోసారి పావువంతు నీళ్ళు మార్చాలి. మొత్తం ఖాళీ చేసి సబ్బుతో తోమితే మేలు చేసే జీవులన్నీ పోతాయి, కథ మళ్ళీ మొదటికొస్తుంది. ఒక ప్లాస్టిక్ గొట్టాన్ని నీళ్ళతో నింపి, రెండు కొసలూ వేళ్ళతో మూసి, ఒకటి తొట్టిలో, ఇంకొకటి కింద బకెట్లో పెట్టి వదిలితే నీళ్ళు వాటంతటవే దిగుతాయి. నోటితో పీల్చకండి. వనపర్తి దగ్గర 1959లో పూర్తయిన సరళాసాగర్ గేట్లు ఎత్తకుండానే సైఫన్ల ద్వారా నీళ్ళు వదులుతుందని గొప్పగా చెప్పుకుంటాం కదా, అదే సూత్రం మన చేతిలోని గొట్టంలోనూ ఉంది. పిల్లలకు చూపించి చెప్పండి, మరిచిపోరు. తీసిన నీళ్ళు మోరీలో పోయకండి. తులసికి, మల్లెకు, కరివేపాకుకు మంచి ఎరువు అది.

చెరువు నుంచి తెచ్చుకుంటే...

ఊరి చెరువుల్లో, కాలువల్లో నాచు ఊరికే దొరుకుతుంది కదా అంటారా? తెచ్చుకోవచ్చు, కానీ మూడు మాటలు. పిల్లల్ని నీళ్ళల్లోకి దించకండి, చేపలు పట్టేవాళ్ళనడిగితే వాళ్ళే గుప్పెడు తెచ్చిస్తారు. గద్వాల వైపు సీడ్ పత్తి చేల పక్క కాలువల్లోది తీసుకోకండి, పురుగుమందు నీళ్ళతో కలిసి వస్తుంది. తెచ్చింది నేరుగా తొట్టిలో వేయకండి. బకెట్లో రెండు వారాలు వెలుతురున్న చోట ఉంచి, రెండ్రోజులకోసారి నీళ్ళు మార్చి జాడించండి. జలగలు, తూనీగ పిల్లలు, నత్త గుడ్లు ఉంటే బయటపడతాయి. తూనీగ పిల్ల చేపపిల్లల్ని పట్టి తింటుంది మరి.

మిగిలింది ఎక్కడ వేస్తారు?

ఈ వ్యాసంలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. కత్తిరించిన ముక్కల్ని ఎవరైనా ఏం చేస్తారు? మోరీలో వేస్తారు, లేదా 'పాపం బతికుందిగా' అని చెరువులో వదులుతారు. ఆ జాలే కొంప ముంచుతుంది. ఈ మొక్కల్లో చాలావాటికి విత్తనం అక్కర్లేదు, కణుపున్న ముక్క చాలు.

కేరళలో కోళికోడ్ జిల్లా ఆవళ పాండి దగ్గర 2020లో ఒక కాలువ నిండా గులాబీ పూలు విరబూసి, జనం తండోపతండాలుగా చూడ్డానికి పోయారు. ఆ పూలు కబోంబా జాతివే. చూసేవాళ్ళకు వేడుకే గానీ, అక్కడి నీటి మొక్కలకు అది పరాయి కలుపు. ఆస్ట్రేలియాలోనూ కబోంబా పెద్ద బెడద. అంతెందుకు, మన వైపు నీళ్ళల్లో పెరిగే హైడ్రిల్లా 1950ల్లో అక్వేరియం వ్యాపారం ద్వారా అమెరికాలోని ఫ్లోరిడాకు చేరి, అక్కడి చెరువుల్నీ నదుల్నీ కమ్మేసింది. దాన్ని తీయించడానికి వాళ్ళు పడుతున్న తిప్పలు ఇన్నీ అన్నీ కావు. మనకు గుర్రపుడెక్క ఎలాంటిదో, వాళ్ళకు మన నాచు అలాంటిది.

చేపల సంగతీ అంతే. గాజు శుభ్రం చేస్తుందని కొనే సక్కర్ చేప పెద్దదయ్యాక ఇంట్లో పట్టదు. తీసుకెళ్ళి చెరువులో వదిలేస్తారు. ఆ ముళ్ళ చేప ఇప్పుడు కృష్ణా, గోదావరి నీళ్ళల్లో చేరి, జాలర్ల వలలు చింపుతూ, తినే చేపల నోటికాడి మేత లాక్కుంటోంది.

మన మూడు జిల్లాల్లో చెరువంటే ఏమిటో మనకు వేరే చెప్పాలా? నాగర్‌కర్నూలు కేసరిసముద్రమైనా, ఊరి చివర పేరులేని కుంటైనా, దాని కింద మడి ఉంది, దానిలో చేపలు పట్టుకుని బతికే ఇల్లుంది, బావుల్లో ఊట ఉంది. మన హాల్లో అందంగా ఊగే ఒక్క ఈక అక్కడ కలుపై పాకితే ఆ ఖర్చు మరొకరి కంచంలోంచి పోతుంది. అందుకని మిగిలిన ముక్కల్ని చాట మీద పరిచి రెండు రోజులు ఎండబెట్టండి. గలగలమన్నాక పూలకుండీలో మట్టి కింద వేయండి. గులాబీలు మీకు దండం పెడతాయి. చేపలు వద్దనుకుంటే కొన్న షాపుకే తిరిగివ్వండి, లేదా పెంచుకునేవాళ్ళకు ఇవ్వండి.

వచ్చే ఆదివారం తొట్టిలోని ప్లాస్టిక్ చెట్టు తీసి కడిగి దాచేయండి. దాని చోట పది కాడలు నాటండి. రెండు వారాలు ఓపిక పట్టి, దీపం వేసిన నాలుగైదు గంటలకు దగ్గరగా వెళ్ళి చూడండి. ఈకల కొసల నుంచి ముత్యాల్లాంటి బుడగలు వరసగా లేస్తుంటే మొక్క కుదురుకున్నట్టే. చేపల గండం చాలావరకు గడిచినట్టే.